నాయన అంచనా, మేనేజరు అంచనా, ఒక మొద్దు లెక్క

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, చిలుకూరు)

పోయిన విద్యాసంవత్సరం గణాంకశాస్త్రం క్లాసులో మా లెక్చరరు గారు ఒక ప్రశ్న వేశారు. "ఒక కంపెనీకి వచ్చే ఏడాది ఎంత లాభం వస్తుందో అందరికన్నా బాగా ఎవరు చెప్పగలరు?" క్లాసంతా ఒక్క గొంతుతో "ఆ కంపెనీ మేనేజరు" అన్నది. చేతిలో ఎన్ని ఆర్డర్లున్నాయో ఆయనకే తెలుసు, ఖర్చులు ఆయనకే తెలుసు, గోడౌనులో సరుకెంత పడి ఉన్నదో కూడా ఆయనకే తెలుసు. ఇంకెవరు చెబుతారు? సారు నవ్వి, "పోయిన ఏడాది వచ్చిందే ఈ ఏడాదీ వస్తుందని కళ్ళు మూసుకుని చెప్పేవాడు ఒకడున్నాడనుకోండి. వాడికన్నా మీ మేనేజరు ఎంత మెరుగో ఎవరైనా కొలిచి చూశారా?" అన్నారు. ఎవరమూ మాట్లాడలేదు. నాకు మాత్రం హాస్టల్లో నా పెట్టె అడుగున ఉన్న ఒక నోటుబుక్కు గుర్తొచ్చింది.

ఆ నోటుబుక్కు సంగతి ముందు చెప్పాలి. 2021లో కరోనా మూలంగా పదో తరగతి పరీక్షలు రద్దయి ఇంటి దగ్గరే కూర్చున్నాను. మాకు చిలుకూరులో సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కింద నాలుగెకరాల తరి ఉన్నది. నాట్లు అయిపోయిన సాయంత్రం మా నాయన గట్టు మీద నిలబడి, కాళ్ళకంటిన బురద కడుక్కుంటూ, ఆ పంటకు ఎన్ని బస్తాలొస్తాయో చెప్పడం అలవాటు. "ఈసారి ఎకరాకు ముప్పై అయిదు ఎక్కడికీ పోదు" అంటాడు. పంట ఇంటికొచ్చే సరికి ఆ మాట ఆయనకూ గుర్తుండదు, మాకూ గుర్తుండదు. ఆ ఏడు పనేమీ లేక నేను ఆ మాటను తారీఖుతో సహా రాసిపెట్టాను. కోతలయ్యాక కాంటా వేసిన లెక్క దాని పక్కన రాశాను. తరువాత మానబుద్ధి కాలేదు. డిగ్రీలో చేరి ఊరు విడిచాక కూడా ఫోనులో అడిగి రాసుకుంటూనే ఉన్నాను.

సారు ప్రశ్న విన్న రాత్రి అందులో ఇంకో గడి గీశాను. దానికి నేను పెట్టుకున్న పేరు మొద్దు లెక్క. పుస్తకాల్లో దీనికి గంభీరమైన పేర్లున్నాయి, కానీ పని మాత్రం మొద్దుదే. ఈ వానాకాలం ఎంతొస్తుందని అడిగితే పోయిన వానాకాలం ఎంతొచ్చిందో అదే చెబుతుంది. యాసంగికి పోయిన యాసంగి. వానాకాలాన్ని యాసంగితో పోల్చకూడదు, ఎందుకంటే మా వైపు యాసంగిలో ఎండ బాగా కాసి గింజ ఎక్కువ పడుతుంది. కంపెనీలకూ ఇదే పద్ధతి. మా ఊరి నుంచి హుజూర్‌నగర్ దాటి మఠంపల్లి, మేళ్లచెరువు వైపు పోతే సిమెంటు ఫ్యాక్టరీలు కనబడతాయి. వాటిని నడిపే వాటిలో సాగర్ సిమెంట్స్, డెక్కన్ సిమెంట్స్ వంటివి స్టాకు ఎక్స్ఛేంజీకెక్కిన కంపెనీలు. వానల్లో ఇళ్ళ పనులు ఆగి సిమెంటు అమ్మకం తగ్గుతుంది. కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చిన లాభాన్ని పోయిన ఏడాది అవే మూడు నెలలతో పోల్చాలి గాని వేసవి నెలలతో కాదు.

ఇదిగో మా ఇంటి పట్టిక. అన్నీ 75 కిలోల బస్తాలు, నాలుగెకరాలకు కలిపి. మొదటి అంకె నాయన చెప్పినది, రెండోది మొద్దు లెక్క, మూడోది వచ్చినది.

వానాకాలం 2021: 140, 124, 128
యాసంగి 2021-22: 150, 138, 136
వానాకాలం 2022: 140, 128, 121
యాసంగి 2022-23: 145, 136, 131
వానాకాలం 2023: 110, 121, 106
యాసంగి 2023-24: 30, 131, 27
వానాకాలం 2024: 125, 106, 62
యాసంగి 2024-25: 140, 27, 135

మొదటి నాలుగు పంటలు చూడండి. చెప్పినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాను, ఎక్కువో తక్కువో చూడకుండా, దోషం అందాం. నాయన దోషాలు వరుసగా 12, 14, 19, 14. మొద్దు లెక్కవి 4, 2, 7, 5. నలభై ఏళ్ళ అనుభవం, రోజూ పొద్దున్నే పొలం చుట్టూ తిరిగే మనిషి, నేలను వాసన చూసి చెప్పగలిగే మనిషి 59 బస్తాలు తప్పితే, కాగితం మీది మొద్దు లెక్క 18 బస్తాలే తప్పింది. ఇది చూసి నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

2022 జూన్‌లో నాయన పక్క పొలం మూడెకరాలు కౌలుకు పట్టాడు. కౌలు పంటకు ఎకరాకు పది బస్తాలు. దుక్కి, దమ్ము, నారు, నాటు కూలి, ఎరువులు, మందులు, కోతమిషను అన్నీ కలిపి ఇంకో ఇరవై బస్తాల విలువ. అంటే ఎకరాకు ముప్పై బస్తాలు వస్తే చెల్లుకు చెల్లు. నాయన లెక్క ప్రకారం ముప్పై అయిదు రావాలి, అయిదు మిగలాలి. వచ్చినది ముప్పైన్నర కూడా కాదు, ముప్పైం పావు. పంట అంచనా తప్పింది ఏడో వంతు మాత్రమే, మిగులు మాత్రం అయిదు బస్తాల నుంచి పావు బస్తాకు పడిపోయింది. ఆ యాసంగిలో కొంచెం మిగిలింది గాని పెట్టుబడికి తెచ్చిన అప్పు వడ్డీకే చాలలేదు. మరుసటి ఏడు నేను డిగ్రీలో చేరేటప్పుడు అమ్మ మెడలో గొలుసు లేదు. మొద్దు లెక్కను ఆ రోజు అడిగి ఉంటే ఎకరాకు ముప్పై రెండు అనేది. రెండు బస్తాల మిగులు కోసం మూడెకరాల చాకిరీ ఎందుకని నాయనే అనేవాడేమో.

ఇక్కడ కంపెనీలకూ పనికొచ్చే సంగతి ఒకటి ఉన్నది. లాభం అనేది విడిగా పండే గింజ కాదు. అది రెండు పెద్ద అంకెల మధ్య మిగిలే చిన్న తేడా. అమ్మకాల అంచనా నూటికి పది తప్పినా లాభం అంచనా సగానికి సగం తప్పవచ్చు. అందుకే అమ్మకాలు చెప్పడం కన్నా లాభం చెప్పడం ఎన్నో రెట్లు కష్టం.

ఇక ఈ విషయం మీద లోకంలో ఏం తేలిందో చూద్దాం. ఆక్స్‌ఫర్డు ఆర్థికవేత్త ఐ. యం. డి. లిటిల్ 1962లో బ్రిటీషు కంపెనీల లెక్కలు తీసి, గతంలో లాభాలు వేగంగా పెరిగిన కంపెనీయే రేపూ వేగంగా పెరుగుతుందనడానికి దాదాపు ఆధారం లేదని చూపించాడు. లాభం నడక తాగినవాడి నడక లాంటిదన్నమాట. తరువాతి అడుగు ఎటు పడుతుందో వెనకటి అడుగులు చెప్పవు, కాబట్టి ఇప్పుడు నిలబడ్డ చోటే మనకు దొరికే మేలైన అంచనా. మొద్దు లెక్కకు శాస్త్రం ఇచ్చిన బలం ఇదే. 1968లో క్రాగ్, మాల్కియెల్ అనే ఇద్దరు అమెరికాలో పెట్టుబడి సంస్థల నిపుణులు చెప్పిన దూరపు అంచనాలను పరీక్షించి, అవి పాత పెరుగుదలను అట్లాగే ముందుకు సాగదీసిన దానికన్నా పెద్దగా మెరుగు కాదన్నారు. వీళ్ళు బయటినుంచి చూసేవాళ్ళు. మరి లోపలున్న మేనేజర్ల మాటో?

1972లో కోప్లండ్, మారియోని అనేవారు కంపెనీ అధికారులు ప్రకటించిన లాభాల అంచనాలను మొద్దు లెక్కల పక్కన పెట్టి చూశారు. అధికారులే గెలిచారు. సరే, మన క్లాసు జవాబే రైటు అనుకునేలోగా 1976లో లోరెక్, మెక్‌డొనాల్డ్, పాట్జ్ అనే ముగ్గురు ఇంకొంచెం తెలివైన లెక్కతో, అంటే పాత అంకెల మధ్య సంబంధాన్ని వెతికి ముందుకు చెప్పే బాక్స్-జెంకిన్స్ పద్ధతితో పోల్చారు. ఈసారి మేనేజర్లదే పైచేయి అని తేల్చి చెప్పలేకపోయారు.

ఈ పరిశోధనలు చదివేటప్పుడు రెండు సందేహాలు రావాలి. ఒకటి, మేనేజరు ఆ అంచనా ఎప్పుడు చెప్పాడు? ఏడాదిలో అయిదారు నెలలు గడిచాక చెబితే సగం పంట కళ్ళ ముందే ఉన్నట్టు. నాట్లప్పుడు చెప్పేవాడితో వెన్ను తీశాక చెప్పేవాడిని పోల్చడం న్యాయం కాదు. రెండు, ఎవరు చెప్పారు? అమెరికాలో ఈ అంచనాలు ప్రకటించాలని ఎవరినీ బలవంతపెట్టలేదు. అసలు 1973 దాకా అక్కడి సెక్యూరిటీస్ కమిషను తనకిచ్చే పత్రాల్లో ఇట్లాంటి జోస్యాలు రాయనిచ్చేది కాదు. నమ్మకమున్నవాడు చెబుతాడు, లేనివాడు నోరు మూసుకుంటాడు. అట్లా నోరు విప్పినవాళ్ళనే పట్టుకుని మేనేజర్లందరూ బాగా చెబుతారంటే, మంచి పంట పండినవాడే రచ్చకట్ట మీద కూర్చుని మాట్లాడితే ఊరంతా బాగా పండిందనుకోవడమే అవుతుంది.

మళ్ళీ మా పట్టికకు రండి, ఈసారి కింది సగానికి. 2023 ఆగస్టు భారతదేశంలో 1901 నుంచి ఉన్న రికార్డుల్లోకెల్లా వానలు తక్కువ పడిన ఆగస్టు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. నాయన రోజూ పేపర్లో ముందుగా చూసేది సినిమా వార్త కాదు, ఆ మట్టమే. జులైలోనే ఆయనకు విషయం అర్థమై 110 అన్నాడు, 106 వచ్చింది. ఆ యాసంగికి ఎడమ కాలువ కింద సాగుకు నీళ్ళివ్వలేదు. "కాలువ రాదురా, బోరు కింద ఒక్క ఎకరం వేస్తా. ముప్పై వస్తే ఎక్కువ" అన్నాడు. 27 వచ్చినయి. మొద్దు లెక్కకు కాలువ ఏందో, నీళ్ళేందో ఏమి తెలుసు? అది 131 అన్నది. 104 బస్తాల తప్పు! మరుసటి యాసంగిలో డ్యాము నిండి ఉంటే, ఆ మొద్దు లెక్క పోయినసారి వచ్చిన 27నే పట్టుకుని కూర్చుని ఇంకో 108 తప్పింది. ఎనిమిది పంటలూ కలిపితే నాయన మొత్తం దోషం 134, మొద్దు లెక్కది 289. మామూలు ఏళ్ళలో మొద్దు లెక్క గెలిచింది. లోకం మారిన ఏళ్ళలో, ఆ మార్పు ముందుగా తెలిసిన మనిషి గెలిచాడు.

వానాకాలం 2024 మాత్రం ఎవరూ గెలవని పంట. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తారీఖుల్లో కురిసిన వానకు కోదాడ నీట మునిగింది. నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకే గండి పడింది. మా పొలం మూడు రోజులు నీళ్ళ కింద ఉన్నది. 125 అన్న నాయనా తప్పాడు, 106 అన్న మొద్దు లెక్కా తప్పింది. 2012లో హటన్, లీ, షూ అనేవారు అమెరికాలో మేనేజర్లనూ బయటి నిపుణులనూ పోల్చి ఇట్లాంటిదే చెప్పారు. కంపెనీ లోపలి సంగతుల్లో, అంటే సరుకు పేరుకుపోవడం, నష్టం రాబోవడం వంటివాటిలో, మేనేజరుకు పైచేయి. దేశం మొత్తాన్ని ఊపే ఆర్థిక పరిస్థితుల విషయానికొస్తే బయటివాళ్ళే మెరుగు. తన తూము దగ్గర నీళ్ళు ఎంత వస్తాయో నాయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. బంగాళాఖాతంలో వాయుగుండం సంగతి ఆయనకు ప్రత్యేకంగా ఏమీ తెలియదు.

పట్టికలో ఇంకోటి గమనించారా? నాయన ఎనిమిదిసార్లూ ఎక్కువే చెప్పాడు. ఒక్కసారి కూడా తక్కువ చెప్పలేదు. ఊరికే తప్పితే ఒకసారి అటు, ఒకసారి ఇటు తప్పాలి. ఎప్పుడూ ఒకవైపే తప్పితే అది అజ్ఞానం కాదు, ఆశ. రైతు నాటు వేసేది ఆశతోనే గదా, తప్పుపట్టను. అయితే ఒకవైపే ఒరిగిన దోషంలో ఒక మేలు ఉన్నది, దాన్ని సరిచేయవచ్చు. మొదటి నాలుగు పంటల్లో ఆయన చెప్పినదానికి వచ్చినది సగటున నూటికి పది తక్కువ. కాబట్టి ఆయన మాటలోంచి పదో వంతు కోసేస్తే 126, 135, 126, 130½ వస్తాయి. వచ్చినవి 128, 136, 121, 131. భలే కుదిరిందని ఎగిరి గంతేశాను.

మా సారు నా గాలి తీసేశారు. "ఏ అంకెలు చూసి పదో వంతు అన్నావో ఆ అంకెల మీదే పరీక్ష పెట్టి పాసయ్యానంటావేం? తరువాతి నాలుగు మీద పెట్టు." పెట్టాను. వరద పంట పక్కనబెడితే, మిగిలిన మూడింటిలో కోత కోసిన అంచనా 16 బస్తాలు తప్పింది, నాయన సొంత అంచనా 12 బస్తాలే తప్పింది. నా సవరణ పనిచేయలేదు! కారణం వెతికితే ఇంటి దగ్గరే దొరికింది. 2023లో ఒకరోజు నాయన నా నోటుబుక్కు చూశాడు. ఏమీ అనలేదు. ఆ తరువాత నుంచి అడిగితే వెంటనే చెప్పడు. "ఉండరా, నువ్వు రాస్తవు గదా" అని కాసేపు ఆలోచించి చెబుతాడు. కొలుస్తున్నారని తెలిసిన మనిషి అంచనా మారిపోయింది.

అసలు విషయం ఇక్కడే మొదలవుతున్నది. తన అంచనాను నలుగురూ కొలుస్తున్నారని తెలిస్తే మా నాయన చేయగలిగింది ఒక్కటే, జాగ్రత్తగా చెప్పడం. పంటను మార్చలేడు. కొనుగోలు కేంద్రం కాంటా ఆయన మాట వినదు. కంపెనీ మేనేజరు చేతిలో మాత్రం రెండున్నాయి. అంచనా చెప్పేదీ ఆయనే, ఫలితం రాసే పుస్తకాలు ఉండేదీ ఆయన దగ్గరే.

ఆ ఒత్తిడి చిన్నదేమీ కాదు. 2013 ఏప్రిల్ 12న ఇన్ఫోసిస్ రాబోయే ఏడాదికి తన ఆదాయం 6 నుంచి 10 శాతం పెరుగుతుందని చెప్పింది. ఇట్లా ముందుగా చెప్పే అంకెను వ్యాపార భాషలో గైడెన్స్ అంటారు. మార్కెట్టు అంతకన్నా ఎక్కువ ఆశించింది. ఆ ఒక్కరోజే వాటా ధర నూటికి 21 వంతులు పడిపోయింది. అంతకుముందే 2012లో ఆ కంపెనీ మూడు నెలల గైడెన్స్ ఇవ్వడం ఆపేసి, ఏడాదిదే ఇస్తూ వచ్చింది. టి.సి.ఎస్. అయితే ఇట్లాంటి అంకె చెప్పే అలవాటే పెట్టుకోలేదు. చెప్పి పడడం కన్నా చెప్పకపోవడం నయమనుకున్నారేమో.

మన హైదరాబాదులో 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్ కథ చాలామందికి తెలిసినదే. నాకప్పుడు నాలుగేళ్ళు. అయినా ఈ పట్టిక కోసం ఆ అంకెలు మళ్ళీ తీసి చూశాను. 2009 జనవరి 7న ఛైర్మన్ బి. రామలింగరాజు డైరెక్టర్లకు రాసిన లేఖలో, 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ చూపిన ఆదాయం 2,700 కోట్లు, నిజంగా వచ్చినది 2,112 కోట్లు అని ఒప్పుకున్నాడు. నిర్వహణ లాభం చూపినది 649 కోట్లు, నిజమైనది 61 కోట్లు. పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు.

మిత్రులు ఒక కాగితం తీసుకుని రెండు తీసివేతలు చేయండి. 2,700 లోంచి 2,112 తీస్తే 588. 649 లోంచి 61 తీస్తే, అదీ 588. నేను మొదటిసారి చేసినప్పుడు పొరపాటు చేశాననుకుని మళ్ళీ చేశాను. ఆలోచిస్తే అట్లాగే ఉండాలి. నిజమైన పనికి జీతాలు, కరెంటు, అద్దె అన్నీ అవుతాయి. 588 కోట్ల పని నిజంగా చేస్తే అందులో చాలా భాగం ఖర్చుల కింద పోవాలి. పనే లేకుండా బిల్లు మాత్రమే పుడితే దానికి ఖర్చు లేదు, పూర్తిగా లాభమే. ఆదాయాన్ని నిజానికన్నా నాలుగో వంతు పైచిలుకు పెంచితే లాభం పది రెట్లు దాటింది. పైన మా కౌలు లెక్కలో ఏడో వంతు తప్పు మిగులును మింగేసిందే, దాన్నే తిరగేసి నడిపించినట్టు. ఆ లేఖలోనే రాజు, మొదట చిన్నగా ఉన్న తేడా ఏళ్ళ మీద పెరిగి అదుపు తప్పిందని రాసుకున్నాడు. దొంగ ఇన్‌వాయిస్‌లు 6,000 పైగా ఉన్నాయని అమెరికా సెక్యూరిటీస్ కమిషను తరువాత తేల్చింది. ఆ కంపెనీని 2009లోనే టెక్ మహీంద్రా తీసుకుని 2013లో తనలో కలిపేసుకుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రాజునూ మరి తొమ్మిదిమందినీ దోషులన్నది. అప్పీలు మీద మే నెలలో శిక్ష అమలు ఆపి బెయిలు ఇచ్చారు.

నేను చెప్పదలచుకున్నది కోర్టు సంగతి కాదు. 2008లో ఏ విద్యార్థో నాలాగే గళ్ళు గీసి, ఒక గడిలో ఆ కంపెనీ అంచనా, ఒక గడిలో మొద్దు లెక్క, మూడో గడిలో కంపెనీ ప్రకటించిన లాభం రాసి మార్కులు వేసి ఉంటే ఏమయ్యేది? మేనేజర్లకు మంచి మార్కులే పడేవి. ఎందుకంటే మూడో గడిలో అంకె మొదటి గడి రాసిన చేతిలోనే తయారైంది. దోషం తక్కువ ఉండడమే పరీక్ష అనుకునే మన పద్ధతికి, బాగా ఊహించినవాడికీ ఫలితాన్నే దిద్దినవాడికీ తేడా తెలియదు. పైగా దిద్దినవాడికే ఎక్కువ మార్కులు వేస్తుంది. మేనేజర్ల అంచనా గొప్పదా, లెక్కలది గొప్పదా అనే వాదంలో నేను చదివినంతవరకు ఎక్కువ మాటలు మొదటి రెండు గళ్ళ గురించే. మూడో గడిని ఎవరు నింపారన్నది ముందు అడగాలని నాకనిపిస్తుంది.

పంటల విషయంలో ఈ ప్రశ్నను మన దేశంలో ఎప్పుడో అడిగారు. 1930ల చివర బెంగాలులో జనపనార ఎంత పండిందో తేల్చడానికి ప్రశాంత చంద్ర మహలనోబిస్ గ్రామోద్యోగి చెప్పిన మాట మీద ఆధారపడలేదు. చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా మడిచెక్కలు ఎంచి, అక్కడికి మనుషులను పంపి కొలిపించాడు. ఆయన నడిపిన సంస్థకే మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి. ఆర్. రావు గారు వెళ్ళి లోకప్రసిద్ధులయ్యారు. ఇప్పటికీ మా మండలంలో పంటకోత ప్రయోగానికి అధికారులు వచ్చి, తాము ఎంచిన చోటే తాడు పట్టి కొలుస్తారు. బాగా పండిన మడి చూపిస్తానని రైతు అన్నా ఒప్పుకోరు. చిన్నప్పుడు అది మొండితనం అనుకునేవాణ్ణి.

కంపెనీలకు ఆ తాడు పట్టేవాడు ఆడిటరు. సత్యంలో సంతకాలు పెట్టిన ఆడిటర్లు ఉన్నారు, పెద్ద సంస్థవాళ్ళే. బ్యాంకులో ఇంత డబ్బు ఉన్నదా అని బ్యాంకునే సూటిగా అడిగి, దాని జవాబును తన చేతితో అందుకోవడం ఆ వృత్తిలో మొదటి పాఠాల్లో ఒకటి. ఆ ఒక్క పని సరిగా జరిగి ఉంటే 5,040 కోట్లు కాగితం మీద అంతకాలం నిలిచేవి కావు. కామర్సు చదివే మిత్రులు నాకన్నా బాగా చెప్పగలరు, నేను ఆపుతాను.

నా నోటుబుక్కులో ఒక పంట మిగిలింది. ఈ 2025 జూన్‌లో ఆ పాత మూడెకరాల ఆసామి మళ్ళీ మా ఇంటికొచ్చాడు, కౌలు పట్టమని. నేను సెలవులకు ఇంటి దగ్గరే ఉన్నాను. ఆయన వెళ్ళాక నాయన బీడీ ముట్టించుకుని, "ఏందిరా, నీ మొద్దు లెక్క ఏమంటది?" అన్నాడు. జీవితంలో మొదటిసారి అడిగాడు.

"పోయిన వానాకాలం 62 గదా నాయనా, అదే అంటది. వరద వచ్చిన సంగతి దానికి తెలియదు."

"మరి తెలిసిన లెక్క చెప్పు."

వరద పంట వదిలేసి అంతకుముందు నాలుగు వానాకాలాలు, 124, 128, 121, 106, సగటు తీస్తే 120. ఎకరాకు ముప్పై. అంటే కౌలుకు చెల్లుకు చెల్లు. నాయన కాసేపు లెక్క కట్టుకుని "నేను ముప్పై మూడు అంటున్న" అన్నాడు. 1969లో బేట్స్, గ్రాంజర్ అనేవారు రెండు వేరువేరు అంచనాలుంటే ఒకదాన్ని పారేయవద్దు, కలిపి సగటు తీస్తే తరచుగా రెండింటికన్నా మెరుగని చూపించారు. గ్రాంజర్‌కు 2003లో నోబెల్ వచ్చింది, దీనికొక్కదానికే కాదనుకోండి. ఆ సంగతి నాయనకు చెప్పాను. రెంటికీ సగటు ముప్పై ఒకటిన్నర. ఎకరాకు బస్తాన్నర మిగులు.

"బస్తాన్నరకు మూడెకరాలు వద్దులే" అన్నది అమ్మ లోపలినుంచి.

నాయన మూడెకరాలు పట్టలేదు, ఎకరంన్నర పట్టాడు. నాటు అయిన రోజు సాయంత్రం ఫోను చేసి తనే తారీఖు చెప్పి రాయించాడు, మా సొంత నాలుగెకరాలకు 132 అని. ఈ వ్యాసం ఇచ్చేనాటికి మా వైపు ఇంకా కోతలు పడలేదు. మూడో గడి ఖాళీగా ఉన్నది.